45 అక్షరాల మాట, పెదవి కలియని కథ

జొన్నరొట్టె ముక్కను చేతిలో పట్టుకొనియే అరుగుమీద నా ప్రక్కకు జరిగి కూర్చుండి, ఏడవ తరగతి చదువుచున్న నా మనుమరాలు తన నోటుపుస్తకమును నా మోకాళ్లపై పరచి, “తాతా, గీ మాట సూడు, ఎంత పొడుగుందో! ఊపిరి తిప్పుకోకుంట ఒక్కపారి సదువు” అని పందెము కట్టినది. పుట యీ కొస నుండి ఆ కొస వరకు ఎడము లేక ప్రాకిపోయిన ఆ ఆంగ్లపదమును కండ్లజోడు సవరించుకొని, వ్రేలితో నొక్కి నొక్కి చదివితిని: న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్సిలికోవాల్కేనోకోనియోసిస్. నడుమ రెండుమారులు ఊపిరి తీసికొనక తప్పలేదు. పందెము నేనే ఓడితినని నిర్ధారించి, “నలపై అయిదు అక్షరాలు తాతా. మన తెలుగుల గింత పెద్ద మాట ఉన్నదా?” అని అడిగినది.

పిల్ల అడిగిన ప్రశ్న చిన్నదే. కాని సమాధానము చెప్పవలెనన్న అక్షరమనగా నేమో ముందు తేలవలెను, అది తేలవలెనన్న మా భోకర్ వంటి ఊరికంటె తగిన చోటు నాకు కనబడదు. నాందేడునుండి భైంసామీదుగా నిర్మలకు పోవు రహదారిపైనను, ముద్‌ఖేడ్ ఆదిలాబాదుల నడుమనున్న రైలుమార్గముపైనను నిలిచిన యీ తాలూకా కేంద్రమున బజారు మాట మరాఠీ, తాతలనాటి దస్తావేజుల మాట ఉర్దూ, పిల్లల బడి మాట ఇంగ్లీషు, మా వంటివారి వంటయింటి మాట తెలుగు. నాలుగు లిపులు నాలుగు తీరుల లెక్కపెట్టు ఊరిలో, పొడుగు మాట యేది, పొట్టి మాట యేది యని తేల్చుట అంత సులభము గాదు. మా ఊరి పేరునే తీసికొందము. రోమను లిపిలో వ్రాసిన బి, హెచ్, ఓ, కె, ఏ, ఆర్ అని ఆరు గుర్తులు. మరాఠీవారు దేవనాగరిలో భో, క, ర అని మూడక్షరములు వ్రాసి, చివరి ‘ర’ను పొల్లుగా పలుకుదురు. ఉర్దూలో బే, దోచష్మీ హే, వావ్, కాఫ్, రే అని అయిదు. నడుమనున్న హ్రస్వమైన అకారమునకు అచ్చట గుర్తే యుండదు. తెలుగున ఛందస్సు నడిగినచో భో, కర్ అని రెండే గురువులు. ఊరు ఒకటే, లెక్కలు నాలుగు.

మనుమరాలి పుస్తకములో అట్టి మాటలు మరికొన్ని గలవు. ప్రక్కనే అర్థములు మరాఠీలో వ్రాసికొన్నది. వాటిని ఒక్కొక్కటిగా చూచుచు నేను దానికి చెప్పినది ఇచ్చట కొంత విస్తరించి చెప్పెదను.

ఆ 45 గుర్తుల మాటకు అర్థము, మిక్కిలి సూక్ష్మమైన సిలికా ధూళిని పీల్చుటవలన కలుగు ఊపిరితిత్తుల వ్యాధి. కాని ఆ మాట వైద్యశాలలో పుట్టినది గాదు. 1935లో అమెరికాలోని పదవినోదప్రియుల సంఘమగు నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్, అన్నిటికంటె పొడవైన మాటయొకటి నిఘంటువు కెక్కవలెనను కోరికతోనే దానిని అల్లెను. వైద్యులు అట్టి వ్యాధిని సిలికోసిస్ అని తొమ్మిది గుర్తులతో ముగింతురు. రాయి పగులగొట్టు యంత్రము ప్రక్కన ముక్కునకు చేలము చుట్టుకొని రోజంతయు నిలుచుండు కూలికి ఆ తొమ్మిది గుర్తుల మాటయే చాలినంత బరువు. మిగిలిన ముప్పదియారును వినోదార్థము అతికించినవే. పొడవు కొఱకే పుట్టిన మాటకును, చెప్పవలసినది మిక్కుటమై పొడవు సాగిన మాటకును భేదము గలదని పిల్లలకు తొలుతనే చెప్పుట మంచిదని నా యభిప్రాయము.

రెండవ తెగకు చెందినది యాంటిడిసెస్టాబ్లిష్మెంటేరియనిజమ్. 28 గుర్తులు. ఇంగ్లండు రాజ్యమునకును అచ్చటి క్రైస్తవ సంఘమునకును గల అధికారిక సంబంధమును త్రెంచివేయవలెనను వాదమును ఎదిరించు వాదము అని దీని యర్థము. ‘స్థాపన’ యను నడిమి మాటకు ముందు రెండు నిషేధములు, వెనుక మూడు ప్రత్యయములు చేరి, ఒక శతాబ్దపు రాజకీయ కలహమంతయు ఒకే గొలుసుగా ఏర్పడినది. మన వ్యాకరణము చదివినవానికి ఇందు వింత లేదు. ఉపసర్గ, ధాతువు, ప్రత్యయము అని విడదీసి చూపినంతనే మనుమరాలు తానే అర్థము చెప్పగలిగినది.

ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ అనునది 29 గుర్తులది. దేనినైనను చిల్లిగవ్వకు చేయదని తీసిపారవేయుట అని యర్థము. ‘కొరగానిది’ అను భావము నిచ్చు నాలుగు లాటిను మాటలను పాతకాలపు పాఠశాల వ్యాకరణములో వరుసగా నేర్పెడివారట. ఆ నాలుగింటిని వరుస తప్పక కలిపి, చివర నొక ప్రత్యయము తగిలించిరి. 1741లో విలియం షెన్‌స్టన్ అను ఆంగ్లకవి తన లేఖయొకదానిలో దీనిని వాడెను. ఇందు ‘ఐ’ యను గుర్తు తొమ్మిదిమారులు వచ్చును. ఆంగ్లమున అన్నిటికంటె నెక్కువగా వాడబడు ‘ఈ’ గుర్తు ఒక్కమారైనను రాదు.

నన్ను ఎక్కువసేపు నిలిపినది షేక్‌స్పియరు నాటకము ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’లో వచ్చు హోనోరిఫికాబిలిటుడినిటాటిబుస్. గౌరవములను పొందగల యోగ్యత అని దాని యర్థము. 27 గుర్తులు. హల్లు తరువాత అచ్చు, అచ్చు తరువాత హల్లు, ఎచ్చటను రెండు హల్లులు ఢీకొనవు, రెండు అచ్చులు ఒరసికొనవు. ఈ విశేషమును పాశ్చాత్యులు గుర్తులు లెక్కించి, వరుస పరీక్షించి కనుగొనవలసివచ్చెను. తెలుగు లిపిలో దానిని వ్రాసిచూచినచో విశేషము కంటికే తెలిసిపోవును, ఏలయన ఆ మాటకు ఒక్క ఒత్తు లేదు, నడుమ నొక్క సున్న లేదు. హో, నో, రి, ఫి, కా, బి, లి, టు, డి, ని, టా, టి, బుస్ అని పదుమూడక్షరములు, అందు చివరిదానికి మాత్రము ఒక పొల్లు. ‘గలగలపారెడి’ యన్నంత సాఫీగా దొరలిపోవు మాట యది.

ఇక్కడనే అసలు సంగతి బయటపడినది. ఇంగ్లీషున అక్షరమనగా కాగితముమీది గుర్తు. మనకు అక్షరమనగా నోటి యొక దెబ్బ, అచ్చును ఆశ్రయించిన ఉచ్చారణ. ఎన్ని హల్లులు వచ్చి చేరినను అచ్చు ఒకటియేని అక్షరము ఒకటియే. వరుసలో నిలుచుండుటను తెలుపు ‘క్యూ’ యను మాటకు ఆంగ్లలిపి అయిదు గుర్తులు ఖర్చుపెట్టును, మనకది ఒకటి. బలములు అను అర్థము గల ‘స్ట్రెంగ్త్స్’ తొమ్మిది గుర్తులతో ఒకే యచ్చు గలదని ఆంగ్లేయులు ఆశ్చర్యముతో చెప్పుకొందురు. ఛందస్సు దానిని ఒక్క గురువుగా లెక్కవేసి ముందుకు పోవును. సమస్తత్వము అని యర్థమిచ్చు సంస్కృతపు ‘కార్త్స్న్యము’లో ర, త, స, న, య లనెడి అయిదు హల్లులు ఒకే యక్షరమున కూడియున్నను మన పండితులు దానిని వింతగా దండోరా వేయలేదు. ఆ లెక్కన మనుమరాలి 45 గుర్తుల వ్యాధి యెంతయని వ్రేళ్లు మడచి లెక్కించితిమి. సరిగ్గా 19. శార్దూలవృత్తపాదమునకు కావలసిన అక్షరముల సంఖ్య యదియే. గణములు కుదరవు గాక, సంఖ్య మాత్రము కుదిరినది. 29 గుర్తుల నిరాకరణము 12 అక్షరములకు, 28 గుర్తుల మతవాదము గూడ 12 అక్షరములకు దిగివచ్చినవి.

“అట్లయితే మనది చిన్న మాటలదేనా?” అని పిల్ల ముఖము చిన్నబుచ్చుకొన్నది. అప్పుడు చెప్పితిని విజయనగరపు రాణి సంగతి.

1529 నుండి 1542 వరకు ఏలిన అచ్యుతదేవరాయల యంతఃపురమున తిరుమలాంబ యను విదుషి యుండెను. ఆమె సంస్కృతమున రచించిన ‘వరదాంబికాపరిణయ చంపువు’లో కంచి ప్రాంతమును వర్ణించు సందర్భమున నొక సమాసము గలదు. అది 195 అక్షరములది. రోమను లిపిలోనికి మార్చినచో 428 గుర్తులు. సాహిత్యమున కనబడు అత్యంత దీర్ఘమైన పదముగా గిన్నిస్ గ్రంథము దీనిని నమోదుచేసినది. ఒక రాజాంతఃపురస్త్రీ వ్రాసిన మాట ప్రపంచమునకెల్ల పొడవైనదిగా నిలిచినదను సంగతి మన బడిపిల్లలకు తెలియకపోవుట నాకు మిక్కిలి బాధాకరముగా నుండును.

సంఖ్యను ప్రక్కనుంచి, ఆ మాట యేమి చెప్పుచున్నదో చూడవలెను. మేఘసమూహమేమో యని భ్రమ గొల్పునట్లు దిక్కులను చీకటిచేసి మకరందబిందువులను స్రవించు మామిడితోపులు. ఆ చెట్ల మొదళ్ల చుట్టును పరుపువలె మెత్తనైన ఇసుక. ఆ యిసుకమీద మరువపు పరిమళము నడుమ వట్టివేళ్ల చల్లని చలిపందిళ్లు. ఆ పందిళ్లలో బాలికలు తమ కరకమలములతో చిన్నకలశముల నుండి వంచు నీరు. ఆ నీటిలో ఏలకులు, లవంగములు, పచ్చకర్పూరము, కస్తూరి. అంత చల్లని, అంత తీయని నీటిధారను గూడ అక్కరలేకుండ చేయునట్టి ఆ బాలికల కంటివెలుగు. ఆ వెలుగుచేతనే దప్పియు బడలికయు తీరిపోయిన బాటసారులు. ఇంతయు నొక్కమాట. చిట్టచివర వచ్చు బాటసారులకు ముందున్న తోపు, నీడ, నీరు, చూపు అన్నియు విశేషణములు. వినువాడు గూడ ఆ సమాసమున నడచి నడచి, చివరి కడుగుపెట్టునప్పటికి దప్పిగొన్న పథికుడై, ఆ వెనుకనే సేదదీరును. ఆ మాట యొక్క పొడవు దారి పొడవు. వేసవిలో మా బస్సుస్టాండు దగ్గర గోనెగుడ్డలు తడిపి చుట్టిన కుండలతో వెలయు చలివేంద్రమును ఇచ్చటివారు పాణపోయి యందురు. అచ్చట లోటాతో నీరందుకొన్న ప్రతిమారును నాకు ఆ రాణి మాట జ్ఞప్తికి వచ్చును.

పొడవు సంగతి ఇంతటితో చాలును. ఫలానా యక్షరము గల మాట యేదియని వెదకు వినోదము గూడ ఆంగ్లమున ప్రబలముగా నున్నది. గళ్ల పదరచన నింపువారికి మూడవచోట ‘ఎక్స్’ గల మాట కావలెను, చివర ‘జెడ్’ గల మాట కావలెను. ఒక్క గుర్తైనను రెండవమారు రాని మాట కొఱకు వెదకి, ప్రచురణస్వామ్యమునకు లోబడనిది అని యర్థమిచ్చు అన్‌కాపీరైటబుల్ అను 15 గుర్తుల మాటను పట్టిరి. ఐదు అచ్చులును వరుసగా వచ్చు మాటలలో పరిహాసశీలమైనది అను నర్థము గల ఫెసీషియస్, మితాహారి యను నర్థము గల అబ్స్టీమియస్ ప్రసిద్ధములు. ఆ అచ్చులే సరిగ్గా వెనుకనుండి ముందునకు ఒక్కొక్కమారు వచ్చు మాట సబ్‌కాంటినెంటల్. ‘ఉపఖండమునకు సంబంధించినది’! మన నేలను గూర్చి చెప్పుటకు ఆంగ్లము వాడు మాటయే తన యచ్చులను తిరగవేసికొనుట నాకు ముచ్చట గొల్పినది. ‘క్యూ’ తరువాత ‘యూ’ రాని మాటలలో చాలవరకు అరబ్బీ, ఫారసీ, ఉర్దూల నుండి పోయినవే. మా దర్గాలలో వినవచ్చు కవ్వాలీ అందొకటి. ‘క్యూ’ లేకున్నను, తెలుగునుండి ఆంగ్లమునకు పోయిన మాటయు నొకటి గలదు: తొమ్మిది గుర్తుల బ్యాండికూట్. మన పందికొక్కే. చేనిగట్టు త్రవ్విపోయు ఆ జంతువును ఇచ్చటి మరాఠీరైతు ఘూస్ అని తిట్టును, లండనులోని నిఘంటుకారుడు మాత్రము మన తెలుగుపేరునే వ్రాసికొన్నాడు.

అయితే తెలుగువానికి ఈ వెదకులాట తీరికవేళ వినోదము గాదు, నిత్యావసరము. వృత్తపద్యమున ప్రతిపాదమునకు రెండవ యక్షరము ప్రాస. నాలుగు పాదములందును ఒకే హల్లు అచ్చట నిలువవలెను. ఉత్పలమాలకు పదవ యక్షరమున, చంపకమాలకు పదునొకండవదానియందు, శార్దూలమునకు పదుమూడవదానియందు, మత్తేభమునకు పదునాలుగవదానియందు యతి. అనగా రెండవచోట ‘ట్ట’ గల నాలుగు మాటలు, పదవచోట ఫలానా హల్లుతో మొదలగు మాట అని ప్రతి తెలుగుకవియు వేయి సంవత్సరములుగా వెదకుచునే యున్నాడు. మరియు ర, ఱ లకు ప్రాస కుదరదన్న నియమ ముండుటచే, ఏ మాటలో సాధురేఫము, ఏ మాటలో శకటరేఫము అని తేల్చి పట్టికలు కూర్చుట 17వ శతాబ్దపు అప్పకవి మొదలుకొని మన లాక్షణికులకు పెద్దపని యయ్యెను. ఇంగ్లీషువారు ఫలానా గుర్తు గల మాటలను పోగుచేసి యర్థములు వ్రాసికొనుట యెట్టిదో, మనవారు ఱకారము గల మాటలను పోగుచేయుట అట్టిదే. అది వట్టి ఛాందసము గాదు: ‘ఏరు’ అన్న గింజలు ఏరుట, ‘ఏఱు’ అన్న నది, ‘అరుగు’ అన్న పోవుట, ‘అఱుగు’ అన్న జీర్ణమగుట. నేడు మన కలములు ఆ రెంటిని ఒకటిచేసినవి. బండి-ఱ ను నేర్పక పోయినను, ఒకప్పుడు గోదావరి ‘ఏఱు’ అయి యుండెనని పిల్లలకు చూపవలెను.

అట్టి మరుగుపడిన అక్షరములు ఇంక రెండు గలవు. ‘చాప’లోని చకారమును ‘చిలుక’లోని చకారమును ఒక్కటే గుర్తుతో వ్రాసినను, పలుకున వేరు, మొదటిది దంత్యము, రెండవది తాలవ్యము. జకారమునకును అట్లే. ఈ భేదమునకు తెలుగులో ౘ, ౙ అని గుర్తులే కలవు. మరాఠీలో ధ్వనులు రెండును గలవు, గుర్తులు మాత్రము లేవు. సంతలో ఒక మరాఠీ ముసలమ్మ ‘చాంగ్లా’ యన్నప్పుడు ఆ చకారము అచ్చముగా మా అమ్మ పలికిన ‘ౘాలు’లోని చకారమే. రెండు భాషల కుటుంబములు వేరని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తరతరములుగా ఒకే బావి నీరు త్రాగిన నాలుకలు ఆ ధ్వనిని పంచుకొన్నవి.

ధ్వనినే గాక, అక్షరములు దిద్దు చోటును గూడ ఇచ్చటివారు పంచుకొన్నారు. 1956 నవంబరు 1వ తేదీవరకు ముధోల్ ప్రాంతము, దానితోకూడ బాసర, మా నాందేడు జిల్లాలోనివే. రాష్ట్రముల పునర్విభజనలో అవి ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఆదిలాబాదులోని కిన్వట్ మావైపునకు వచ్చినది. గీత మారినను అక్షరాభ్యాసమునకు ఇచ్చటి తెలుగువారును, మరాఠీవారును బాసరకే పోవుదురు. గోదావరి యొడ్డున జ్ఞానసరస్వతి సన్నిధిని, పళ్లెములోని బియ్యముమీద పిల్లవాని చూపుడువ్రేలు పట్టి శివునకు నమస్కారము వ్రాయింతురు. అందలి తొలి యక్షరములు ఓ, న, మః. వర్ణమాలకే మనము ‘ఓనమాలు’ అని పేరుపెట్టుకొన్నాము. ఆ మూటిలో మొదటిది పెదవులను గుండ్రముగ చేయును, మూడవది కలుపును. చదువుయొక్క మొదటిమాటయే పెదవులతోనిది.

ఆ పెదవులను పూర్తిగా విడిచిపెట్టి కావ్యము వ్రాసినవాడు మన తెలుగుదేశమున నుండెను.

అక్షరమును విడిచిపెట్టు విద్య ఇతరదేశములకును తెలిసినదే. 1939లో అమెరికాలో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ ‘గ్యాడ్స్‌బీ’ యను నవలను 50,000కు పైబడిన మాటలతో, ‘ఈ’ గుర్తు లేకుండ వ్రాసెను. పొరపాటున వ్రేలు పడకుండుటకై టైపుమిషనులో ఆ మీటను కట్టివేసెనట. ఆంగ్లమున ‘ఈ’ లేకున్న ‘ది’ లేదు, ‘హి’ లేదు, ‘షి’ లేదు, భూతకాలపు ‘ఎడ్’ లేదు. 1969లో ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ అదే గుర్తును విడిచి మరియొక నవల రచించెను. వీరికి శతాబ్దముల పూర్వమే సంస్కృతకవి దండి ‘దశకుమారచరితము’ ఏడవ ఉచ్ఛ్వాసమున మంత్రగుప్తుని కథను ఓష్ఠ్యములు లేక చెప్పించెను. ప్రియురాలి దంతక్షతముచే పెదవి నొచ్చినవాడగుటచే అతడు పెదవులు కలుపలేకున్నాడట. నియమమునకు కథలోనే కారణము కల్పించుట దండియొక్క సొగసు.

తెలుగున ఆ పని చేసినవాడు 16వ శతాబ్దపు మరింగంటి సింగరాచార్యులు, గోలకొండనేలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలమువాడు. ఆ కాలమే యట్టి సాహసముల కాలము; ఆ సుల్తాను క్రింది యధికారియగు పొట్లచెరువు అమీన్‌ఖానునకు పొన్నికంటి తెలగన ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చి, సంస్కృతపు మాటలు లేని అచ్చతెలుగు కావ్యమునకు నాంది పలికెను. అచ్చతెలుగనగా గూడ నొక యక్షరనిషేధమే: సంస్కృతమునకు 50 వర్ణములు, తెలుగునకు 36 అని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున లెక్కచెప్పెను, మిగిలినవాటి నన్నిటిని అచ్చతెలుగుకవి గుమ్మము వెలుపలనే నిలుపవలెను. సింగరాచార్యులు మరియొక మార్గమున నడచి, రామకథను నిరోష్ఠ్యముగా రచించెను. ప, ఫ, బ, భ, మ కూడవు. ఉ, ఊ, ఒ, ఓ, ఔ కూడవు. పంటికి పెదవి తగులు వకారమును కూడదు.

ఈ నియమము విని ఊరకున్నచో దాని బరువు తెలియదు. రామకథను చెప్పవలెను, ‘రామ’ యనరాదు. లక్ష్మణుని పేర మకారము, భరతుని పేర భకారము, హనుమంతుని పేర మకారము, సుగ్రీవ విభీషణ రావణుల పేర్లలో వకారము. అయోధ్యలో ఓకారము, మిథిలలో మకారము. దశరథుని దేవేరులలో కౌసల్య ఔకారముచేతను, సుమిత్ర రెండక్షరములచేతను తొలగిపోగా, పెదవి కలుపక పిలువదగినది కైక యొక్కతెయే! సీత నిలిచినది, జానకి నిలిచినది, లంక నిలిచినది.

పేర్లకు మారుపేర్లు దొరకవచ్చును. సంస్కృతము అందుకు అక్షయమైన గాదె. కాని తెలుగు విభక్తి మాటయేమి? పుంలింగమున ‘డు’, నపుంసకమున ‘ము’, బహువచనమున ‘లు’, అన్నియు ఉకారాంతములు. ‘ను’ లేదు, ‘కు’ లేదు, ‘తో’ లేదు, ‘వలన’ లేదు, ‘లో’ లేదు, ‘యొక్క’ సయితము లేదు. ‘ని’, ‘కి’, ‘చేత’ మాత్రము మిగులును. నేను అనరాదు, నీవు అనరాదు, అతడు అనరాదు, ఆమె అనరాదు. దండికి సంస్కృతమున ఈ యిబ్బంది యింతగా లేదు. తెలుగుభాష పెక్కు మాటల చివరను పెదవులను గుండ్రముగ చేయును. రైటు కట్టివేసినది ఒక మీటను. సింగరాచార్యులు కట్టివేసినది భాషయొక్క వాకిలినే. ఇట్టి చిత్రకవిత్వమును ఆలంకారికుడగు మమ్మటుడు మూడవ తరగతి కావ్యముగా నెంచెను. ఆలంకారికుల తీర్పును నేను గౌరవింతును. అయినను రాముని పేరే పలుకరాని కట్టడిలో రాముని కథ యంతయు నడిపించుటను వట్టి గారడీ యని కొట్టివేయుటకు నా మనసొప్పదు. పలుకని పేరు ప్రతిపద్యమునను వినబడుచునే యుండును గదా.

ఈ విద్య గ్రంథములలో అణగిపోలేదు, అవధానవేదికపై నేటికిని జీవించియున్నది. తిరుపతి వేంకటకవులు ఊరూర మ్రోగించిన ఆ యవధానములలో నిషిద్ధాక్షరి యను నంశము గలదు. అవధాని ‘వా’ యని మొదలిడును. ‘వాణి’ రానున్నదని పసిగట్టి పృచ్ఛకుడు “ణకారము నిషిద్ధము” అనును. అవధాని తొణకక ‘ఙ్మ’ యనును. ‘వాఙ్మయ’మని గ్రహించి పృచ్ఛకుడు యకారమును నిషేధించును. అవధాని ‘ధు’ అనును: వాఙ్మధు, మాట యను తేనె. మూసిన ప్రతి తలుపు ప్రక్కను మరియొకటి తెరచుకొనును. సభ చప్పట్లు కొట్టును. ఈలోపల, అష్టావధానమైనచో, మిగిలిన ఏడుగురు పృచ్ఛకులు ఏడు దిక్కుల లాగుచునే యుందురు. ఒకడు వ్యస్తాక్షరిలో “పదునాలుగవ యక్షరము ఇది” యని వరుసతప్పి యిచ్చిపోవును. ఇంకొకడు న్యస్తాక్షరిలో ఫలానా పాదమున ఫలానా చోట ఫలానా యక్షర ముండవలెననును.

దత్తపదిలో ఆంగ్లపు మాటలనే యిచ్చి, ఆ యర్థమున గాక తెలుగర్థమున ఇమిడ్చి పద్యము చెప్పుమనుట పృచ్ఛకులకు పరిపాటి. మేమును అరుగుమీద అట్టి యాట యాడితిమి. పిల్ల ‘కారు’ అన్నది. “వారు పరాయివారు కారు” అంటిని. ‘టై’ అన్నది, “అందరు నొకటై” అంటిని. ‘లారీ’ అన్నప్పుడు కొంచె మాలోచించి “బాలలారీతి నాడిరి” అంటిని. బాలలు, ఆ రీతి అని విడదీసి చూపగా గాని నమ్మలేదు. ‘కాఫీ’ అన్నది. ఫకారమును తెలుగుమాటలో దాచుట నా వల్ల కాలేదు. రెండవ పందెమును నేనే ఓడితిని.

అప్పుడు లోపలినుండి వెన్నయు కుంకుమయు తెప్పించి, దాని క్రిందిపెదవికి పలుచగా వెన్న రాచి, పైన కుంకుమ అద్ది, అద్దము చేతికిచ్చి, సింగరాచార్యుల కావ్యము పేరును మెల్లగా చదువుమంటిని. పిల్ల కండ్లు పెద్దవి చేసికొని అద్దములోనే చూచుచు “దశరథరాజనందన చరిత్ర” అన్నది. పన్నెండక్షరములు. పైపెదవికి చుక్క అంటలేదు. “ఇప్పుడు చరిత్రము అను” అంటిని. “చరిత్రము” అన్నది, పైపెదవి మీద సన్నని ఎర్రగీత.

వెంటనే నోటుపుస్తకము లాగుకొని, 45 గుర్తుల మాట క్రింద ఆ పేరును తెలుగు లిపిలో వ్రాసి, ప్రక్కన 12 అని అంకె వేసి, అద్దము పట్టుకొని లోపలికి పరుగెత్తినది, “అమ్మమ్మా, నీ పెదివికి గూడ కుంకుమ పెడ్త, నోరు మెదపకు” అని అరచుచు. ఆ పిలుపుతోనే దాని పైపెదవి రెండుమారులు ఎర్రబడినది.